అమ్మ ఫోన్లో 614 స్క్రీన్‌షాట్లు

"ఒరేయ్, ఇదేదో ఖాళీ లేదంటోంది, కాస్త చూడరా" అంటూ అమ్మ తన ఫోను నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది. సెలవులకు అందరం ఒకచోట చేరితే నాకు పడే డ్యూటీ ఇదే. చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు, ఒక హీట్ గన్ను కొనుక్కున్న పాపానికి ఇంట్లో ఎవరి ఫోను మొరాయించినా నా దగ్గరికే వస్తుంది.

గ్యాలరీ తెరిచాను. స్క్రీన్‌షాట్ల ఫోల్డర్లో 614 ఉన్నాయి. నాలుగు వందలకు పైగా లాక్ స్క్రీన్‌వే. అదే వాల్‌పేపర్, అదే గడియారం, టైము మాత్రం మారుతూ ఉంది. ఉదయం 5:52, మళ్ళీ 5:52, తర్వాత 5:53. వరుసగా జరుపుకుంటూ పోతే అమ్మ ఎన్నింటికి లేస్తుందో, మధ్యాహ్నం ఎంతసేపు కునుకు తీస్తుందో, రాత్రి నిద్రపట్టక ఎన్నిసార్లు టైము చూసుకుంటుందో అన్నీ అందులో ఉన్నాయి. 2:40, 3:15. ఆ రెండింటి దగ్గర కాసేపు ఆగాను. మిగతావి నాతో వీడియో కాల్ మాట్లాడేటప్పటివి. చాలావాటిలో నా నుదురే కనిపిస్తోంది.

"అమ్మా, ఇవన్నీ ఎందుకు తీశావు?"

"ఏవి?" చూపించాను. "నేనెందుకు తీస్తాను? అసలు ఎలా తియ్యాలో కూడా తెలీదు నాకు."

ఎలా తియ్యాలో తెలియని మనిషి 614 తీసింది. (ఫోను నిండింది వాటివల్ల కాదు, ఫార్వర్డ్ అయి వచ్చిన వీడియోలవల్ల. అది వేరే కథ.)

ఫోను బల్ల మీద పెట్టి, "ఒకసారి మామూలుగా తీసుకో" అన్నాను. ఎడమచేత్తో తీసుకుంది. బొటనవేలు ఎడమ అంచుకి, మిగతా వేళ్ళు కుడి అంచుకి. ఆ ఫోనుకి కుడి అంచున పైన పొడుగాటి వాల్యూమ్ బటన్, దాని కిందే పవర్ బటన్. అంటే వాల్యూమ్ తగ్గించే కొనకీ పవర్‌కీ మధ్య గోరంత ఖాళీ. మధ్యవేలు ఒకదాని మీద పడింది, ఉంగరం వేలు రెండోదాని మీద పడింది. పైకెత్తాలంటే వేళ్ళు బిగించాలి కదా. బిగించింది. స్క్రీన్ ఒకసారి మెరిసింది. 615.

పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్ కలిపి నొక్కితే స్క్రీన్‌షాట్ పడే పద్ధతి 2011లో ఆండ్రాయిడ్ 4.0తో వచ్చింది. అప్పట్లో అది మంచి ఆలోచనే. రెండు బటన్లు ఒకేసారి ఎవరూ పొరపాటున నొక్కరు కదా! ఆ రోజుల్లో చాలా ఫోన్లకు పవర్ బటన్ నెత్తి మీద ఉండేది. ఫోన్లు చిన్నవి కాబట్టి చూపుడువేలు పైదాకా అందేది. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌కీ పవర్ బటన్ పైనే, స్క్రీన్ మూడున్నర అంగుళాలు. తర్వాత స్క్రీన్లు పెరిగాయి, వేళ్ళు పెరగలేదు. 2014లో ఐఫోన్ 6 4.7 అంగుళాలకూ, 6 ప్లస్ 5.5 అంగుళాలకూ వెళ్ళినప్పుడు ఆపిల్ కూడా పవర్ బటన్‌ని నెత్తి మీద నుంచి కుడి పక్కకి దించింది. అందని బటన్ అందుబాటులోకి వచ్చింది. ఒక బాధ తీరింది.

ఇంకోటి మొదలైంది. ఐఫోన్లో వాల్యూమ్ ఎడమ పక్కన ఉంటుంది, పవర్ సరిగ్గా దానికి ఎదురుగా కుడి పక్కకి వచ్చింది. ఒకదాన్ని నొక్కాలంటే రెండో వైపు ఏదో ఒక వేలు ఆనించాలి. ఆ ఆనించిన వేలి కింద ఇంకో బటన్. అప్పటికి స్క్రీన్‌షాట్‌కి హోమ్ బటన్ కూడా కావాలి కాబట్టి పెద్ద ఇబ్బంది రాలేదు. 2017లో ఐఫోన్ టెన్ హోమ్ బటన్‌ని ఎత్తేసింది. దాంతో స్క్రీన్‌షాట్ పవర్, వాల్యూమ్ పెంచే బటన్‌ల పాలైంది. రెండూ ఎదురెదురుగా! గుప్పిట్లో పట్టుకుని కొంచెం గట్టిగా బిగిస్తే చాలు. ఆ తర్వాత జేబులో స్క్రీన్‌షాట్లు పడని ఐఫోన్ వాడకందారు నాకింతవరకు తగల్లేదు.

గూగుల్ పిక్సెల్ ఫోన్లలో ఇంకో వరస. అక్కడ పవర్ పైన, వాల్యూమ్ కింద. అంటే పవర్‌కి పక్కన ఉండేది వాల్యూమ్ పెంచే కొన. ఆ రెండూ కలిపి నొక్కితే రింగ్ ఆపేసే షార్ట్‌కట్ ఉంది. అమ్మ చేతిలో ఆ ఫోను పెడితే స్క్రీన్‌షాట్లు ఉండవు, కాల్స్ ఉండవు. "ఫోన్ చేస్తే ఎత్తవేం" అని మేం, "అసలు మోగితే కదా" అని ఆవిడ, రోజూ గొడవే. దానికన్నా స్క్రీన్‌షాట్లే నయం.

ఇదంతా చూశాక నాకు ఒకటి గట్టిగా అనిపించింది. బటన్ ఎక్కడ పెట్టాలో ఆలోచించేవాళ్ళు వేలు ఎక్కడికి అందుతుందో లెక్కేస్తారు. అది కావలసిందే. కానీ ఫోను చేతిలో ఉన్నంతసేపూ మనం బటన్లు నొక్కుతూ కూర్చోం. ఎక్కువసేపు ఊరికే పట్టుకుని ఉంటాం. ఆ పట్టులో వేళ్ళు ఎక్కడ ఆనుకుని ఉంటాయి, అక్కడ ఏం ఉండకూడదు అన్నది రెండో లెక్క. దాన్ని అంత శ్రద్ధగా వేస్తున్నట్టు కనిపించదు. స్టీవెన్ హూబర్ అనే డిజైనర్ 2013లో ఒక మంచి పని చేశాడు. బయట జనం ఫోన్లు ఎలా పట్టుకుంటున్నారో 1,333 మందిని గమనించి రాసుకున్నాడు. ఒంటిచేత్తో వాడేవాళ్ళు 49 శాతం, ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో నొక్కేవాళ్ళు 36 శాతం, రెండు చేతులతో వాడేవాళ్ళు 15 శాతం. మా అమ్మ ఆ 36లో మనిషి. ఎడమచెయ్యి ఆవిడకు ఫోను పెట్టుకునే స్టాండు. స్టాండుకి వేళ్ళుంటాయని, అవి నొక్కుతాయని ఎవరికీ తట్టినట్టు లేదు.

సరే, పరిష్కారం. బటన్లు లోతులో ఉండేలా చుట్టూ గట్టులాంటి అంచు ఉన్న మందపాటి కవర్ తెప్పించాను. వేలు ఆనినా గట్టు మీద ఆగుతుంది, కావాలనుకుంటే లోపలికి పెట్టి నొక్కాలి. ఆ సాయంత్రం ఒక్క స్క్రీన్‌షాటూ పడలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పొద్దున్నే అమ్మ వచ్చింది. "రాత్రంతా చార్జింగ్ పెట్టాను, పదమూడు పర్సెంటు ఉందేంట్రా?"

కవర్ అడుగున కేబుల్ కోసం వదిలిన కన్నం సన్నగా ఉంది. అమ్మ కేబుల్ కొనకున్న ప్లాస్టిక్ లావుగా ఉంది. ఆ లావు కవర్‌కి తగిలి ఆగిపోతోంది, లోపలి లోహపు కొన పోర్టులోకి పూర్తిగా దిగడంలేదు. కాస్త కదిలితే చార్జింగ్ అవుతుంది, కాస్త కదిలితే ఆగుతుంది. బ్లేడు తీసుకుని కన్నం పెద్దది చేశాను. ఇప్పుడు ఆ కవర్ ఎలక కొరికినట్టుంది కానీ పని చేస్తోంది.

బావ ఇదంతా చూస్తూ కూర్చున్నాడు. "నా కారులో కూడా ఒక దెయ్యముంది, రావోయ్" అన్నాడు.

ఆ దెయ్యం సంగతేమిటంటే, దారి చూస్తూ వెళ్తుంటే మధ్యలో స్క్రీన్ ఆరిపోతుంది. లేకపోతే వాయిస్ అసిస్టెంట్ తనంతట తనే లేచి, చెప్పండి అంటుంది. ఒకసారి ఏకంగా స్విచాఫ్ చేయమంటారా అని అడిగిందట. వెళ్ళి చూశాను. డాష్‌బోర్డు మీద హోల్డర్. రెండు పక్కల నుంచి రెండు చేతులు వచ్చి ఫోన్‌ని నడుం దగ్గర పట్టుకుంటాయి. ఫోన్ నడుం దగ్గర ఏముంటాయి? బటన్లు. కుడిచెయ్యి సరిగ్గా పవర్ బటన్ మీద కూర్చుంది. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా అది నొక్కుకుంటోంది. కాస్త నొక్కితే స్క్రీన్ ఆరుతుంది, నొక్కి పట్టుకుంటే అసిస్టెంట్ లేస్తుంది. దెయ్యం అదీ.

బావ అప్పటికే కొన్ని ప్రయోగాలు చేశాడు. ఫోన్‌ని తలకిందులుగా పెట్టి చూశాడట. చాలా ఫోన్లలాగే అదీ స్క్రీన్‌ని పూర్తిగా తలకిందులు చెయ్యదు, మ్యాపు శీర్షాసనం వేసింది. తర్వాత ఫోన్‌ని పైకి జరిపి పెట్టాడు. అప్పుడు కింద ఆసరాగా ఉండే పాదం అందక, మలుపులో ఫోను జారి సీటు కింద పడింది. కిందికి జరిపితే ఆ పాదమే చార్జింగ్ పోర్టుకి అడ్డం.

"అసలు చార్జింగ్ కన్నం పక్కన ఎందుకు పెట్టరోయ్?" అన్నాడు బావ.

పెట్టినవాళ్ళున్నారు. 2018లో ఆసుస్ ఆర్‌ఓజీ ఫోన్ ఎడమ అంచు మీద ఇంకో టైప్ సీ పోర్టు పెట్టింది. ఫోన్‌ని అడ్డంగా పట్టుకుని గంటలకొద్దీ ఆటలాడేవాళ్ళకు కేబుల్ అరచేతిలో గుచ్చుకోకూడదని. పడుకుని సినిమా చూసేవాళ్ళకీ, ఫోన్‌ని గుండె మీద నిలబెట్టి చదివే నాలాంటివాళ్ళకీ అది ఎంత సుఖమో! అయినా మిగతా ఫోన్లు అటు పోలేదు. ఎందుకో ఫోను విప్పి చూస్తే అర్థమవుతుంది.

చాలా ఫోన్లలో లోపల మూడు అరలుంటాయి. పైన ప్రాసెసర్, కెమెరాలు ఉండే పెద్ద బోర్డు. మధ్యలో బ్యాటరీ, సగానికి దగ్గరగా చోటు దానిదే. అడుగున చిన్న బోర్డు. దాని మీదే చార్జింగ్ పోర్టు, మైకు, పక్కనే స్పీకరు. పై బోర్డునీ కింది బోర్డునీ కలుపుతూ బ్యాటరీ మీదుగా కాగితంలాంటి ఒక పట్టీ వెళ్తుంది. పోర్టు పక్కన పెట్టాలంటే బ్యాటరీని ఆ మేరకు కోసుకోవాలి. బటన్లకు ఆ బాధ లేదు. బటన్ అంటే లోపల చిన్న లోహపు గిన్నె బోర్లించినట్టు ఉంటుంది. నొక్కితే సొట్టపడి కింది రేకుకి తగులుతుంది, వదిలితే టిక్కుమని పైకి లేస్తుంది. మనకు వేలికి తగిలే ఆ టిక్కు దానిదే. అలాంటివి మూడింటిని ఒక సన్నటి పట్టీ మీద అతికించి బ్యాటరీ పక్క సందులో నిలబెడతారు. అందుకే బటన్లు నడుం దగ్గర, పోర్టు పాదాల దగ్గర. మన చేతిని చూసి సగం, బ్యాటరీని చూసి సగం నిర్ణయమవుతాయి ఇవన్నీ.

యూరోపియన్ యూనియన్ 2022లో చట్టం చేసి, 2024 డిసెంబర్ 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లకూ టాబ్లెట్లకూ టైప్ సీ పోర్టు తప్పనిసరి చేసింది. ఆపిల్ అంతకుముందే, 2023లో, ఐఫోన్ 15తో దారికొచ్చింది. పోర్టు ఏ ఆకారంలో ఉండాలో చట్టం తేల్చింది. ఏ అంచు మీద అన్నది మాత్రం ఇప్పటికీ బ్యాటరీ ఇష్టమే.

బావ హోల్డర్‌కి పాత రబ్బరు చెప్పు ముక్కలు రెండు కోసి, పవర్ బటన్‌కి పైనొకటి కిందొకటి తగిలేలా ఆ చేతికి అతికించాను. మధ్యలో బటన్ ఉన్నచోట ఖాళీ. దెయ్యం వదిలింది. ఈ రోజుల్లో వెనకనుంచి మాగ్నెట్‌తో పట్టుకునే హోల్డర్లు వచ్చాయి, 2020లో ఐఫోన్ 12 నుంచి ఆ మాగ్నెట్లు ఫోన్లోనే ఉంటున్నాయి. పక్కలు అంటుకోకుండా పట్టుకోవడం అన్నిటికన్నా సుఖం. బావ ఫోన్లో ఆ మాగ్నెట్లు లేవు. చెప్పు ముక్కలున్నాయి.

అక్క వంతు వచ్చింది. అక్క టాబ్లెట్ మీద పిల్లలకు లెక్కలు చెప్తుంది. ఆన్‌లైన్లో. పిల్లలు అడిగే మొదటి ప్రశ్న: "మేడమ్, మీరు ఎటు చూస్తున్నారు?" టాబ్లెట్‌ని అడ్డంగా పెడితే కెమెరా ఎడమ అంచు మధ్యలోకి వచ్చింది. అక్క పిల్లల మొహాలు చూస్తూ మాట్లాడితే, వాళ్ళకు అక్క గోడ మీద బల్లిని చూస్తున్నట్టు కనిపిస్తుంది. ఇన్నేళ్ళూ టాబ్లెట్‌ని పెద్ద ఫోననుకుని నిలువుగా చూసి కెమెరా పెట్టారు. అది నిలువుగా ఎవరి దగ్గరా నిలబడదని అందరికీ తెలుసు, కీబోర్డు కవర్లన్నీ దాన్ని అడ్డంగానే నిలబెడతాయి. అయినా ఐప్యాడ్ 2010లో పుడితే, ముందు కెమెరా పొడుగు అంచు మీదకి రావడానికి 2022లో పదో తరం ఐప్యాడ్ దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ఆలస్యానికి ఒక కారణం స్క్రీన్ మీద రాసే పెన్ను. ఖరీదైన ఐప్యాడ్‌లలో పొడుగు అంచు మీదే పెన్ను మాగ్నెట్‌తో అంటుకుని చార్జ్ అవుతుంది. కెమెరా, పెన్ను, రెండూ అదే అంచు మీద కూర్చోవాలి. 2022లో కెమెరా జరిపిన ఐప్యాడ్‌కి ఆ మాగ్నెట్ చార్జింగే లేదు, పెన్నుని కేబుల్‌తో చార్జ్ చెయ్యాలి. 2024లో ఐప్యాడ్ ప్రో, ఎయిర్ రెండింటికీ కెమెరా జరిపినప్పుడు పెన్ను కూడా కొత్తది చేశారు, పాత మాగ్నెట్ పెన్ను వాటికి పనికిరాదు. అంతకుముందు 2015లో మొదటి పెన్నుని ఐప్యాడ్ చార్జింగ్ కన్నంలోనే గుచ్చి చార్జ్ చేసుకోమన్నారు. బాణం దిగినట్టు పొడుచుకుని ఉండేది. పక్కనుంచి ఎవరైనా నడిస్తే గుండె దడ.

వాల్యూమ్ విషయంలో మాత్రం ఆపిల్‌ని మెచ్చుకోవాలి. 2021లో చిన్న ఐప్యాడ్ మినీకి పెన్ను పక్క అంచుకి వచ్చి, వాల్యూమ్ బటన్లను పై అంచుకి నెట్టేసింది. అప్పుడు ఒక పని చేశారు. ఐప్యాడ్‌ని ఎటు తిప్పితే అటు పెంచేదీ తగ్గించేదీ తారుమారవుతాయి. కుడివైపున్నదో పైనున్నదో ఎప్పుడూ పెంచేదే. బటన్ కదలకపోయినా దాని అర్థం కదిలింది. అక్క టాబ్లెట్‌కి ఆ యోగం లేదు. అడ్డంగా పెట్టినప్పుడు ఆ టాబ్లెట్ పవర్ బటన్ కింద కుడి మూలకి వస్తుంది. లెక్క రాసేటప్పుడు అక్క అరచెయ్యి అక్కడే ఆనుతుంది. సమీకరణం సగంలో ఉండగా చీకటి. నేను చెయ్యగలిగింది ఒక్కటే, టాబ్లెట్‌ని అటుదిటు తిప్పి పెట్టాను. పవర్ బటన్ ఎడమ పై మూలకి పోయింది, కెమెరా కుడి అంచుకి వచ్చింది.

"ఇప్పుడు కిటికీలోకి చూస్తున్నట్టుంటుంది, అంతేగా?" అంది అక్క.

ఇక నా గోల. నేను పుర్రచేతివాణ్ణి. కత్తెరతో, రింగు నోట్‌బుక్కుతో చిన్నప్పటి నుంచీ తగాదానే. ఫోన్‌తో కూడా అంతే అని రాద్దామనుకున్నాను కానీ, నిజం చెప్పాలంటే కుడి అంచు మీది పవర్ బటన్ నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఎడమచేత్తో పట్టుకుంటే చూపుడువేలు దాని మీదే పడుతుంది. బొటనవేలు స్క్రీన్ కోసం ఖాళీగా ఉంటుంది. కుడిచేతివాళ్ళు బొటనవేలితోనే నొక్కాలి, దాంతోనే స్క్రీనూ తిప్పాలి. ఇదొక్కచోట లోకం నాకు పొరపాటున న్యాయం చేసింది. హూబర్ లెక్కలో కూడా ఒంటిచేత్తో వాడేవాళ్ళలో మూడోవంతు ఎడమ బొటనవేలితో వాడుతున్నారు. పుర్రచేతివాళ్ళు లోకంలో పదిమందికి ఒకరు. అంటే కుడిచేతివాళ్ళు కూడా చాలామంది ఫోన్‌ని ఎడమచేతికి అప్పగిస్తున్నారన్నమాట.

నన్ను ఏడిపించేది కెమెరా బటన్. సోనీ ఎక్స్‌పీరియా ఫోన్లకు ఏళ్ళుగా ఉంది, 2024లో ఐఫోన్ 16కీ వచ్చింది. కుడి అంచు మీద, కింది భాగంలో. ఫోన్‌ని అడ్డంగా తిప్పితే అసలు కెమెరాలోలాగా కుడి చూపుడువేలి కిందకి రావాలని. అది కుడిచెయ్యికి. నేను ఎడమచేత్తో తియ్యాలంటే ఫోన్‌ని రెండోవైపు తిప్పాలి, అప్పుడు బటన్ అడుగున ఎడమ మూలకు పోయి బొటనవేలి కింద పడుతుంది. బొటనవేలితో కిందనుంచి పైకి నొక్కి ఫోటో తీసి చూడండి. ఫోన్ ఎగురుతుంది, ఫోటో చెదురుతుంది.

ఈ కుడి ఎడమ తగువు తీర్చిన ఫోను నాకు తెలిసి ఒక్కటే. 2013లో వచ్చిన ఎల్జీ జీ2. పవర్, వాల్యూమ్ అన్నీ వీపు మీద, కెమెరా కింద, సరిగ్గా మధ్యలో. ఏ చేత్తో పట్టుకున్నా చూపుడువేలు వెనక ఆనేది అక్కడే. పక్క అంచులు నున్నగా ఖాళీ. కారు హోల్డర్ ఎక్కడ పట్టుకున్నా బాధలేదు. అందరూ నవ్వారు దాన్ని చూసి, నాకు మాత్రం ఎవరో నా చెయ్యి పట్టుకుని చూసి చేసినట్టనిపించింది. లోపాలు లేవని కాదు. ఫోన్ బల్ల మీద వెల్లకిలా పడుకుంటే బటన్లు దాని వీపు కింద ఉంటాయి. అందుకే స్క్రీన్ మీద రెండుసార్లు తడితే లేచేలా చేశారు. బటన్ కోసం తడుముకునే వేలు కెమెరా అద్దం మీద జిడ్డు పూసేది. 2016లో జీ5 దగ్గరకొచ్చేసరికి వాల్యూమ్‌ని మళ్ళీ పక్కకి తెచ్చేశారు. 2021లో ఎల్జీ ఫోన్ల వ్యాపారాన్నే మానేసింది. బటన్ల వల్ల కాదులెండి.

ఇయర్‌ఫోన్ కన్నం గురించి రెండు ముక్కలు. అది నెత్తి మీద ఉండాలా పాదాల దగ్గరా అని ఒకప్పుడు నేనూ నా స్నేహితుడూ పోట్లాడుకునేవాళ్ళం. ఐఫోన్‌లో 2012లో ఐఫోన్ 5తో పైనుంచి కిందికి వచ్చింది. కిందుంటే ఫోన్‌ని తల కిందికి పెట్టి జేబులో దించుతాం, బయటికి తీసేటప్పుడు చేతిలో తిన్నగా వస్తుంది. కాబట్టి కిందే మేలని నా వాదన. 2016లో ఐఫోన్ 7 అసలు కన్నాన్నే తీసేసి ఇద్దరినీ ఓడించింది.

కన్నాల మాట వచ్చింది కాబట్టి నా ఘనకార్యం ఒకటి చెప్పుకోవాలి. సిమ్ మార్చడానికి సన్నటి పిన్ను ఇస్తారు కదా. ఒక ఫోన్లో పై అంచు మీద సిమ్ ట్రే, దాని పక్కనే రెండు చిన్న కన్నాలు. ఒకటి ట్రేది, ఇంకోటి మైకుది. రెండూ చూడ్డానికి కవలపిల్లలు. ఫోన్ డాక్టర్‌ని కదా, అద్దాలు పెట్టుకోకుండా గుచ్చాను. ట్రే రాలేదు. ఇంకొంచెం గట్టిగా గుచ్చాను. ఆ తర్వాత స్పీకర్ పెట్టి మాట్లాడితే నేను నూతిలోంచి మాట్లాడుతున్నట్టుందని అందరూ అనేవాళ్ళు. ఒకదాన్ని కాస్త అటు జరిపితే ఏం పోయేదో! ఇప్పుడు ఎవరి సిమ్ తియ్యాల్సి వచ్చినా ముందు అంచుని వెలుతురుకి పెట్టి, ట్రే చుట్టూ ఉండే సన్నటి గీతని వెతికి, ఆ గీత లోపలున్న కన్నంలోనే గుచ్చుతాను.

ఇంకో మాట. చార్జింగ్ లూజుగా ఉందని నా దగ్గరికి వచ్చే ఫోన్లలో చాలావాటికి జబ్బేమీ ఉండదు. పోర్టు జేబులో కిందికి ఉంటుంది, జేబులోని నూలు పోగంతా అందులో చేరుతుంది, కేబుల్ గుచ్చినప్పుడల్లా అది లోపలికి దట్టించుకుంటుంది. ఫోన్ ఆపేసి, సన్నటి చెక్కపుల్లతో మెల్లగా గీరితే దూదిలా వస్తుంది. సూదీ, సిమ్ పిన్నూ వద్దు. టైప్ సీ పోర్టు మధ్యలో సన్నటి నాలుకలాంటిది ఉంటుంది, లోహం తగిలితే అది దెబ్బతింటుంది. అరిగిపోయే స్ప్రింగులన్నీ కేబుల్ వైపే పెట్టారు, పాడైతే కేబుల్ పాడవ్వాలని. టైప్ సీని 10,000 సార్లు గుచ్చి తీసినా తట్టుకునేలా డిజైన్ చేశారు. రోజుకు మూడుసార్లు అనుకున్నా తొమ్మిదేళ్ళు. నూలుపోగుల్ని ఆ లెక్కలో వేసినట్టు లేదు.

బటన్లే లేకుండా చేస్తే ఈ గొడవలుండవని కొందరు ప్రయత్నించారు. 2018లో హెచ్‌టీసీ యూ12 ప్లస్‌కి కదలని బటన్లు పెట్టారు. చూడ్డానికి బటన్లే, నొక్కితే లోపలికి పోవు, ఒత్తిడిని పసిగట్టి చిన్న కంపనం ఇస్తాయి. రివ్యూ రాసినవాళ్ళు విసుక్కున్నారు. 2019లో మెయిజు జీరో అని ఒక ఫోను, బటన్లూ లేవు, పోర్టులూ లేవు, సబ్బు బిళ్ళలా ఉంటుంది. జనం దగ్గర డబ్బు పోగుచేసి తయారుచేద్దామనుకున్నారు, అనుకున్నంత పోగవలేదు. నేనూ ఇచ్చేవాణ్ణి కాదు. ఫోను బిగుసుకుపోయినప్పుడు చివరి దిక్కు పవర్ బటనే. స్క్రీన్ చచ్చిపోయినా దాన్ని కొన్ని సెకన్లు అదిమి పట్టుకుంటే, సాఫ్ట్‌వేర్‌తో పనిలేకుండా కరెంటు చూసుకునే చిప్పే ఫోన్‌ని మళ్ళీ లేపుతుంది. ఐఫోన్ 7లో హోమ్ బటన్ కదలనిది అయినప్పుడు ఈ చిక్కే వచ్చింది. అప్పటిదాకా హోమ్, పవర్ కలిపి పట్టుకుంటే రీస్టార్ట్ అయ్యేది. సాఫ్ట్‌వేర్ బిగుసుకుంటే కదలని బటన్ కూడా చచ్చినట్టే కాబట్టి ఆ పనిని వాల్యూమ్ తగ్గించే బటన్‌కి అప్పగించాల్సి వచ్చింది.

ఆ ఒక్క బటన్ మీద ఇప్పుడు ఎన్ని పనులు మోపారో! స్క్రీన్ ఆర్పడం, ఫోన్ ఆపడం, కెమెరా, అసిస్టెంటు, వేలిముద్ర, ఆపైన అత్యవసర కాల్. 2021లో ఆండ్రాయిడ్ 12తో పవర్ బటన్ వరుసగా ఐదుసార్లు నొక్కితే అత్యవసర నంబర్‌కి కాల్ వెళ్ళే ఏర్పాటు వచ్చింది. మంచిదే. కానీ ఫోన్ స్లోగా ఉన్నప్పుడు మనుషులు ఏం చేస్తారు? పవర్ బటన్‌ని టకటకా నొక్కుతారు. 2023లో బ్రిటన్‌లో ఇలా తెలియకుండా వెళ్ళే కాల్స్ ఎంత పెరిగాయంటే, పొరపాటున కాల్ కలిస్తే పెట్టేయకుండా ఆ మాటే చెప్పండి అని పోలీసులు జనాన్ని వేడుకోవాల్సి వచ్చింది. అమ్మ ఫోన్లో ఆ సెట్టింగ్ ఉంచాలా తియ్యాలా అని చాలాసేపు ఆలోచించాను. ఆవిడ ఒక్కతే ఉంటుంది. ఉంచేశాను.

615 స్క్రీన్‌షాట్లూ తీసేశాను. 2:40దీ 3:15దీ తీసేముందు, రాత్రిళ్ళు నిద్ర పట్టడంలేదా అని అడిగాను. "నీకెలా తెలుసు?" అంది.

మొన్న వీడియో కాల్‌లో అడిగాను. "కవర్ బాగుందా? స్క్రీన్‌షాట్లు పడుతున్నాయా?"

"ఆ కవర్ బరువుగా ఉందిరా, తీసేశాను. పదకొండు పడ్డాయి. ఉండనీలే, నువ్వొచ్చినప్పుడు తీసేద్దువుగాని." మాట్లాడుతూనే ఫోన్‌ని ఇంకాస్త సరిచేసి పట్టుకుంది. "ఇదిగో, మెరిసింది. ఇంకోటి పడినట్టుంది."